సరిహద్దు దాటిన ఎడ్లబండ్లు

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నైజాం రాజ్యంలోకి కదిలింది. ఒక దళం షోలాపూరు నుంచి, మరొకటి మన బెజవాడ నుంచి. 17వ తేదీకల్లా అంతా అయిపోయింది. చరిత్ర పుస్తకంలో అది అయిదు రోజుల ముచ్చట.

అంతకు ముందే నైజాం పక్షాన ఉన్న సాయుధ ముఠాలు, రజాకార్ల దాడులకు భయపడి, ఎందరో పల్లెలు వదిలి కృష్ణా జిల్లా సరిహద్దు ఊళ్ళకు వచ్చేశారు. అలాంటి ఒక ఇల్లు ఊహించుకోండి. రాత్రికి రాత్రి బండి కట్టాలి. విత్తనాల మూట వెయ్యాలా, వంటసామాను వెయ్యాలా? నడవలేని ముసలమ్మను ఎక్కిస్తే ఈనిన గేదె దూడకు చోటుండదు. ఈ లెక్క సైనిక నివేదికల్లో దొరకదు. దాన్ని పట్టుకోగలిగేది కథ, నవల.

బొల్లిముంత శివరామకృష్ణ 'మృత్యుంజయులు' 1947లోనే వచ్చింది. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం ఎటు తేలుతుందో ఎవరికీ తెలియని రోజులవి. ఆ నవలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం అందుకే. తర్వాత మహీధర రామమోహనరావు 'ఓనమాలు', 'మృత్యువు నీడల్లో' రాశారు. పోరాటంలో స్వయంగా ఉన్న దాశరథి రంగాచార్య చాలా ఏళ్ళకు 'మోదుగుపూలు' రాశారు.

సైన్యం వచ్చాక కూడా ఆ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా ఆగలేదు. దాన్ని అణచడానికి అడవిలో కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని శిబిరాలకు తరలించారు. అన్నం పెట్టే పోడు చేను మాత్రం వాళ్ళ వెంట రాలేదు.

ఆనాడు సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాల పెద్దలు మీ వీధిలో ఉంటే, బండిలో ఏమేం తెచ్చుకున్నారో అడగండి. ఏం వదిలేసి వచ్చారో కూడా అడగండి.