పన్ను బకాయి వేలంలో గోల్డ్ మైన్ కొనొచ్చా?

కాలిఫోర్నియాలో ఉన్న మన వ్యూయర్ ఒకరు మెసేజ్ పెట్టారు. "అన్నా, కౌంటీ వేలంలో 20 ఎకరాల పాత గోల్డ్ మైన్ చాలా తక్కువకి వస్తోంది, తీసుకోవచ్చా?" అని. ఈ ఎపిసోడ్ అదే.

ముందు అది కౌంటీ చేతికి ఎలా వచ్చిందో చూద్దాం. 1872 మైనింగ్ చట్టం కింద ప్రభుత్వ భూమిలో ఖనిజం దొరికినవాళ్లు దాన్ని సొంతం చేసుకునేవారు. ఆ పట్టాని పేటెంట్ అంటారు. మన సాఫ్ట్‌వేర్ పేటెంట్ కాదండోయ్! 1994 నుంచి కొత్తవి ఆపేశారు. పేటెంట్ అయిన గని ప్రైవేట్ ఆస్తి కాబట్టి ఏటా ప్రాపర్టీ ట్యాక్స్ కట్టాలి. కాలిఫోర్నియాలో సాధారణంగా 5 ఏళ్లు కట్టకపోతే కౌంటీకి అమ్మే అధికారం వస్తుంది. వేలానికి ముందు పనిదినం వరకూ ఓనర్ బకాయి కట్టి విడిపించుకోవచ్చు. బకాయి, పెనాల్టీ, ఖర్చులు కలిపితే మామూలుగా అదే కనీస ధర. అంటే ఆ రేటు గని విలువ కాదు, అప్పు లెక్క!

ఇప్పుడు అసలు పాయింట్. కౌంటీ "ఉన్నది ఉన్నట్టు" అమ్ముతుంది, దేనికీ గ్యారంటీ ఇవ్వదు. దారి లేకపోవచ్చు. భూమి ఒకరిది, కింద ఖనిజం ఇంకొకరిది కావచ్చు. మీకొచ్చేది అందులో చిన్న వాటా మాత్రమే కావచ్చు.

అన్నిటికంటే పెద్దది పాత గనుల్లో ఉండే పాదరసం, ఆర్సెనిక్. 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం క్లీనప్ ఖర్చు ప్రస్తుత ఓనర్ మీద కూడా పడుతుంది. పన్ను బకాయి వల్ల ఆస్తి చేతికొచ్చిన ప్రభుత్వానికి అందులో మినహాయింపు ఉంది. వేలంలో కొన్న మీకు అది రాదు. కొనకముందే రూల్ ప్రకారం పర్యావరణ తనిఖీ చేయిస్తేనే రక్షణ అడిగే అవకాశం ఉంటుంది. కొన్నాక చేయిస్తే లాభం లేదు.

ఇంకో మాట. వేలంలో బకాయికి మించి వచ్చిన డబ్బు పాత ఓనర్‌దే. 2023లో టైలర్ వర్సెస్ హెన్నెపిన్ కౌంటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది ఇదే. అయితే కాలిఫోర్నియాలో ఏడాదిలోపు క్లెయిమ్ చేసుకోవాలి.

కాబట్టి బ్రదర్, బిడ్ వేసే ముందు కౌంటీ రికార్డర్ ఆఫీసులో పాత డీడ్‌లు తీయండి, అక్కడి లాయర్‌కి చూపించండి, ఆ స్థలాన్ని కళ్లారా చూడండి. పాత సొరంగంలోకి మాత్రం అడుగు పెట్టొద్దు, ప్లీజ్. చవగ్గా వచ్చిందని కొంటే, తర్వాత వచ్చే బిల్లు మీ ఇల్లు అమ్మినా తీరకపోవచ్చు.