అయ్యగారికి తోడెవరు?



ఈరోజు బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా అందుకున్న మీలో చాలామందికి త్వరలో అభిషేకం జరుగుతుంది. బిషప్ గారు మీ తలమీద చేతులుంచుతారు. ఆ మర్నాటి నుంచి మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవారుండరు. అయ్యగారూ అంటారు, అమ్మగారూ అంటారు. అప్పులపాలైనవారు, కూతురి సంబంధం తప్పిపోయినవారు, కమిటీలో మాటామాటా అనుకుని విడిపోయిన అన్నదమ్ములు, అందరూ మీ గడప దగ్గరికే వస్తారు. వాళ్లందరి మాటా మీరు వింటారు. మీ మాట వినే మనిషి మాత్రం మీకు అప్పగించిన పాస్టరేట్‌లో దొరకరు. ఒక ఇంటి బాధ ఇంకో ఇంట్లో చెప్పుకోలేరు కదా. మీకు రాబోయే ఆ ఒంటరితనం గురించే ఇవాళ మాట్లాడాలనుకున్నాను.

వి.ఎస్. అజరయ్య గారు 1909లో అభిషేకం పొంది, తిరునెల్వేలి సీమ విడిచి దోర్నకల్ వచ్చారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మిషనరీల త్యాగాలను స్మరించి, మాకిక కావలసింది ప్రేమ, స్నేహితులు అని అడిగారు. తెల్ల మిషనరీలకూ మనవారికీ మధ్య ఉన్న ఎడం గురించి ఆయన అన్న మాట అది. నేను చదివినప్పుడల్లా నాకు ఇంకొకటి కూడా వినపడుతుంది. అభిషేకమై ఏడాదైనా నిండీ నిండని సేవకుడు అంత పెద్ద సభలో స్నేహితులు కావాలని అడిగాడు. 1912లో ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. అంతటివారు అడిగినదాన్ని అడగడానికి మీరు సిగ్గుపడవద్దు.

నాకు తెలిసిన ఒక యువ ప్రెస్బిటరమ్మ ఉంది. మొదటి పోస్టింగే అడవి దగ్గరి పాస్టరేట్. ఫోన్ సిగ్నల్ నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే అందేది. వచ్చిన కొత్తలోనే ఒక పసిబిడ్డను సమాధి చేయవలసి వచ్చింది. సమాధి దగ్గర గొంతు తడబడకుండా ఆరాధన క్రమం పూర్తి చేసింది, ఆ తల్లిని పట్టుకుని కూర్చుంది. రాత్రికి ట్యాంకు దగ్గరికి వెళ్లి తన బ్యాచ్‌మేట్లకు వీడియో కాల్ చేసింది. ఒకరు ముంబయి తెలుగు సంఘంలో ఉన్నారు, ఒకరు దుబాయ్‌లో, ఇంకొకరు పక్క డయోసిస్‌లో. ఆమె ఏడుస్తుంటే ఎవరూ వాక్యం ఎత్తి సముదాయించలేదు. ఏడవనిచ్చారు. తర్వాత నలుగురూ కలిసి ఒక కీర్తన చదివారు. ఆ గంట దాటాకే తాను మళ్లీ ఆదివారం ప్రసంగ పీఠం ఎక్కగలిగానని ఆమె నాతో చెప్పింది. సహవాసమంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఆ రాత్రిని చూపిస్తాను.

తెరమీద కలుసుకోవడం నిజమైన సహవాసమేనా అని పెద్దలు సందేహిస్తారు. వారి సందేహాన్ని తోసిపుచ్చను. కానీ కొత్త నిబంధనలోని 27 పుస్తకాల్లో 21 పత్రికలే. కొలొస్సయి విశ్వాసుల ముఖం చూడకుండానే పౌలు వారికోసం పోరాడాడు. రోమా సంఘంలో అడుగు పెట్టకముందే వారికి అంత పెద్ద పత్రిక రాశాడు. దూరాన ఉన్నవారిని ప్రేమించడం సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. అయితే యోహాను రెండవ పత్రిక చివర, సిరా కాగితాలతో సరిపెట్టుకోక ముఖాముఖిగా మాట్లాడాలన్న ఆశ ఉంది. ఆ ఆశను మీరు చంపుకోవద్దు. 2020 ఏప్రిల్ 12న, ఈస్టర్ నాడు, లాక్‌డౌన్ వల్ల ఖాళీ గుడిలో ఫోన్ ముందు నిలబడిన మాకు ఆ లోటు ఏమిటో తెలుసు. వాక్యం ఇంటింటికీ వెళ్లింది గానీ, ఒక్కరి చేతిలోనైనా రొట్టె పెట్టలేకపోయాం. ఏడాదికొకసారైనా ప్రయాణం చేసి మీ వాళ్లను కలవండి, కలిసి భోజనం చేయండి.

వందలమంది ఉండి పొద్దున్నే వాక్యం ఫొటోలు పంపుకునే గ్రూపుల గురించి కాదు నేను చెప్పేది. మీకు తోడుగా ముగ్గురు నలుగురు బ్యాచ్‌మేట్లు చాలు. వారితో మాట్లాడేటప్పుడు సంఘస్థుల పేర్లు ఎత్తకండి. రికార్డు చేయకండి. మీ దగ్గర తప్పు ఒప్పుకున్నవారి రహస్యం మీతోనే ఉండాలి. మీరు పంచుకోవలసింది మీ అలసట, మీ భయం, ప్రార్థించలేని రోజులు. నిద్ర పట్టని రాత్రులు ఎక్కువైతే స్నేహితులతో పాటు డాక్టరు కూడా అవసరం, వెళ్లండి. పాస్టర్ల భార్యలైన పాస్టరమ్మలకూ ఇదే చెబుతున్నాను. అయ్యగారి ఇంట్లో మీ ఒంటరితనం ఇంకా ఎక్కువ, మీకూ మీ తోటివారు కావాలి.

బిషప్ గార్లకు, డయోసిస్ పెద్దలకు ఒక విన్నపం. కొత్త సేవకులు తోటివారితో గడిపే ఆ గంటను పనిలో భాగంగానే లెక్కించండి.

పట్టభద్రులారా, భోజనాలయ్యాక బస్సులెక్కే ముందు ముగ్గురు నలుగురు చొప్పున కూర్చోండి. ఏ రోజు, ఏ గంటకు మాట్లాడుకోవాలో ఖాయం చేసుకోండి. ఒంటరిగా మిగిలిపోయే సహపాఠి ఎవరైనా ఉంటే మీరే వెళ్లి పిలవండి.