ఫోటో చూపేదేమిటి, పరీక్ష తేల్చేదేమిటి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన అరుప్పుకోట్టైలో మగ్గం ముందు కూర్చున్నవాళ్ళు దగ్గితే "నూలు దుమ్ములే, మిరియాల కషాయం తాగు" అంటాం. దుమ్ముకు దగ్గు వస్తుంది, నిజమే. కానీ రెండు వారాలు దాటిన దగ్గును కూడా దుమ్ము లెక్కలో రాసేస్తే, దాని చాటున క్షయ దాక్కుంటుంది. దాని గురించే నాలుగు మాటలు చెప్పాలని వచ్చాం.

2019-21లో చెన్నై జాతీయ క్షయ పరిశోధన సంస్థ ముందుండి దేశమంతా సర్వే జరిపింది. క్షయ ఉందని తేలినవాళ్ళలో 100కి దాదాపు 43 మంది ఎక్స్‌రే తీయకుంటే దొరికేవాళ్ళే కారు. అంటే దగ్గు, జ్వరం చెప్పుకోనివాళ్ళలోనూ రోగం ఉంది. నేసిన బట్టను వెలుతురుకు ఎత్తి పడితే తెగిన పోగు కనబడుతుంది కదా, ఛాతీ ఫోటో కూడా అలాంటిదే. ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ, గుంత ఉంటే చూపిస్తుంది.

అయితే ఫోటో ఒక్కటే తీర్పు చెప్పదు. ఎప్పుడో మానిన క్షయ మచ్చ కూడా అందులో పడుతుంది. న్యుమోనియా, క్యాన్సర్ కూడా ఒక్కోసారి అలాగే కనబడతాయి. మట్టిలో, నీళ్ళలో బతికే క్షయక్రిమి జాతివే వేరే క్రిములున్నాయి. వాటివల్ల వచ్చే జబ్బు సీటీ స్కాన్‌లోనూ క్షయను పోలి ఉండొచ్చు, మందులు మాత్రం వేరు. అందుకే కఫం ఇవ్వాలి. సీబీనాట్, ట్రూనాట్ పరీక్షల్లో క్షయక్రిమి ఉందా, ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా అన్నది కొన్ని గంటల్లోనే తెలుస్తుంది. సీటీ అందరికీ అక్కర్లేదు, డాక్టరు అడిగితేనే తీయించాలి.

ఇక మెడలో గడ్డ సంగతి. పెళ్ళీడు పిల్లకు మెడ పక్క గడ్డ లేస్తే, సంబంధాలు తప్పిపోతాయని పైటచాటున దాచే ఇళ్ళున్నాయి. దాచకండమ్మా. అల్ట్రాసౌండ్‌లో గడ్డలు ఒకదానికొకటి అతుక్కున్నాయా, లోపల మెత్తబడ్డాయా అని చూస్తారు. అందులో రేడియేషన్ ఉండదు. తర్వాత సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపుతారు. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకుండా గడ్డల్లో మాత్రమే ఉంటే అది దగ్గుతో పక్కవాళ్ళకు అంటదు. మామూలుగా ఆరు నెలల మందుతో నయమవుతుంది. మందు మొదలయ్యాక కొందరికి గడ్డ ఇంకా పెరిగినట్టు ఉంటుంది. మందు పనిచేయలేదని మానేయకండి, డాక్టరుకు చూపించండి.

ఛాతీ ఎక్స్‌రేకు భయపడక్కర్లేదు. సుమారు పది రోజుల్లో ప్రకృతి నుంచి మన ఒంటికి తగిలేంత రేడియేషనే అందులో ఉంటుంది. గర్భిణులు మాత్రం ముందే చెప్పాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్షలు, మందులు ఉచితం. 2022 నుంచి విరుదునగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. చికిత్సలో ఉన్నవాళ్ళకు పోషణ కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలైంది. రోజు కూలి పోతుందని వెనుకాడేవాళ్ళకు మేం చెప్పేది ఇదే: ఒక పూట మగ్గం ఆగితే పోయేది ఆ పూట కూలే. ఇంట్లో ఒకరి జబ్బు ముదిరితే నెలల తరబడి మగ్గం మూలపడుతుంది, పిల్లలకూ అంటుకుంటుంది.

కాబట్టి దగ్గు రెండు వారాలు దాటినా, ఒళ్ళు తగ్గుతున్నా, మెడలో గడ్డ కనిపించినా వెళ్ళి చూపించుకోండి. పాత ఫోటోలు పారేయకండి, కొత్తదాని పక్కన పెట్టి చూడ్డానికి డాక్టరుకు అవి కావాలి.