తనది కాని విద్యకు కాపలా: లూవెన్ విశ్వవిద్యాలయం గురువులు, శిష్యులు



మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫాదర్లు, సిస్టర్లు నడిపే బడుల్లో, కళాశాలల్లో చదువుకున్నవాళ్లు లేని ఊరు అరుదు. వాళ్లలో చాలామంది క్రైస్తవులు కారు. ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారూ అలాంటి కళాశాలలోనే పాఠం చెప్పి పదవీ విరమణ చేశారు. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి ఒక కాథలిక్ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నాను. అక్కడ చదివినవాళ్లలో, చెప్పినవాళ్లలో పేరు పొందినవాళ్లు వందల మంది. ఆ జాబితా చదవడం నా ఉద్దేశం కాదు. ఒక మతం పేరిట వెలసిన విద్యాసంస్థ, తనది కాని విద్యను ఎలా చూసుకుంది? నా ప్రశ్న ఇదొక్కటే. దానికి జవాబు కొందరు మనుషుల జీవితాల్లో ఉంది.

ఆ విశ్వవిద్యాలయం బెల్జియంలోని లూవెన్. బ్రస్సెల్స్‌కు తూర్పున, రైల్లో అరగంట దూరంలో ఉన్న చిన్న నగరం. 1425లో ఐదో మార్టిన్ పోపు అనుమతి పత్రంతో అక్కడ విద్యాలయం మొదలైంది. మన దగ్గర శ్రీనాథుడు కావ్యాలు రాస్తున్న కాలం అది. మొదటి రెండు శతాబ్దాల్లో అక్కడ తిరిగినవాళ్ల పేర్లు యూరప్ విద్యా చరిత్రకు విషయసూచికలా ఉంటాయి. పండితుడు ఎరాస్మస్ అక్కడ నాలుగేళ్లున్నాడు. లాటిన్, గ్రీకు, హీబ్రూ మూడూ నేర్పే కళాశాల 1517లో ఏర్పడటానికి తోడ్పడ్డాడు. అక్కడి గణితజ్ఞుడు గెమ్మా ఫ్రిసియస్ 1530లోనే, నమ్మకమైన గడియారం ఒకటి ఓడలో ఉంటే సముద్రం మీద రేఖాంశం తెలుసుకోవచ్చని రాశాడు. అలాంటి గడియారం తయారు కావడానికి ఇంకో రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఆయన శిష్యుడు మెర్కేటర్. మన బడి గోడకు వేలాడే ప్రపంచ పటాలు చాలావాటికి 1569లో మెర్కేటర్ వేసిన పటమే మూలం. మానవ శరీర నిర్మాణం మీద 1543లో అచ్చయిన మహాగ్రంథం రాసిన వెసేలియస్ కూడా అక్కడి విద్యార్థే. ఊరి బయట ఉరికొయ్యకు మిగిలిపోయిన అస్థిపంజరాన్ని ఆయన, గెమ్మా కలిసి దించి రహస్యంగా ఇంటికి చేర్చారు. ఈ సంగతి వెసేలియసే తన పుస్తకంలో చెప్పుకున్నాడు.

అదే కాలంలో అదే ఊరి వేదాంత ఆచార్యులు నిషిద్ధ గ్రంథాల పట్టికలు తయారు చేశారు. 1544లో మెర్కేటర్‌ను మతద్రోహి అన్న అనుమానంతో పట్టుకుని నెలల తరబడి కోటలో బంధించారు. ఆయన తరఫున అధికారులకు సిఫార్సు చేసినవాళ్లలో విశ్వవిద్యాలయం పెద్దలు, చర్చి పెద్దలు ఉన్నారు. అనుమానించినవాళ్లూ అడ్డుపడినవాళ్లూ ఒకే మతంవాళ్లు. లూవెన్ చరిత్ర మొత్తంలో ఈ రెండు పాయలూ ఉన్నాయి. ఒకదాన్ని దాచి రెండోదాన్ని మాత్రం పొగిడితే మాస్టారు ఒప్పుకునేవారు కారు.

ఆ ప్రాంతాన్ని అప్పట్లో ఏలిన ఫ్రెంచివాళ్లు 1797లో ఆ విశ్వవిద్యాలయాన్ని మూసేశారు. 1834లో బిషప్పులు మళ్లీ తెరిచారు. ఇక్కడి నుంచి నేను ఇరవయ్యో శతాబ్దానికి వస్తాను. నేను చెప్పదలచిన మనుషులు అక్కడే ఉన్నారు.

మొదటివారు ఫాదర్ జార్జ్ లెమైత్ర్. 1894లో షార్లెర్వాలో పుట్టారు. లూవెన్‌లో ఇంజినీరింగ్ చదువుతుండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫిరంగి దళంలో పనిచేసి వచ్చి గణితానికి మారారు. 1923లో గురుపట్టం పుచ్చుకున్నారు. కేంబ్రిడ్జ్‌లో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ దగ్గర, అమెరికాలో హార్వర్డ్ వేధశాలలో చదివి, 1925లో తిరిగి లూవెన్‌లో పాఠం చెప్పడానికి చేరారు. రెండేళ్ల తరువాత, బయట పెద్దగా ఎవరూ చదవని ఒక బెల్జియన్ పత్రికలో, ఫ్రెంచిలో ఒక వ్యాసం వేశారు. విశ్వం స్థిరంగా లేదు, విస్తరిస్తోంది, ఎంత దూరపు నక్షత్రవీథి అంత వేగంగా మన నుంచి తప్పుకుంటోంది అన్నది దాని సారం. ఆ వేగాన్ని లెక్కకట్టి అంకె కూడా ఇచ్చారు. ఇదే విషయం మీద అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ ప్రసిద్ధ వ్యాసం 1929లో వచ్చింది. అంటే లెమైత్ర్ రాసిన రెండేళ్లకు.

ఆ 1927 అక్టోబరులోనే బ్రస్సెల్స్‌లో భౌతిక శాస్త్రవేత్తల సాల్వే సమావేశం జరిగింది. ఐన్‌స్టైన్ వచ్చారు. ముప్పై మూడేళ్ల ఫాదర్ ఆయనతో పాటు పార్కులో నడుస్తూ తన లెక్క చెప్పారు. గణితంలో తప్పు లేదు గానీ భౌతికశాస్త్రంగా దాన్ని ఒప్పుకోలేనని ఐన్‌స్టైన్ కొట్టిపారేశారు. లెమైత్ర్ వాదనకు దిగలేదు, తన మాట వెనక్కీ తీసుకోలేదు. 1931లో ఇంకో అడుగు ముందుకు వేసి, విస్తరిస్తున్న విశ్వాన్ని కాలంలో వెనక్కి నడిపిస్తే మొత్తం ఒకే ఒక్క ఆది అణువు దగ్గరికి చేరుతుందని 'నేచర్' పత్రికలో రాశారు. తరువాతి కాలంలో బిగ్ బ్యాంగ్ అని ప్రపంచం పిలిచిన ఊహకు అదే మొదటి రూపం.

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. 1927 వ్యాసాన్ని ఇంగ్లీషులో వేయమని లండన్ నుంచి అడిగారు. అచ్చయిన అనువాదంలో విస్తరణ వేగాన్ని లెక్కకట్టిన భాగం లేదు. ఎవరు తీసేశారన్నది చాలాకాలం వివాదం. హబుల్ కీర్తి కోసం ఎవరో కత్తిరించారని అనుమానించినవాళ్లూ ఉన్నారు. 2011లో పాత ఉత్తరాలు బయటపడితే తేలిందేమిటంటే, అనువదించిందీ, ఆ భాగం తీసేసిందీ లెమైత్రే. అప్పటికి కొత్త కొలతలు వచ్చాయి కాబట్టి తన పాత అంకెలతో ఎవరికీ పని లేదని ఆయన అనుకున్నారు. దూరం పెరిగేకొద్దీ వేగం పెరుగుతుందన్న ఆ నియమానికి హబుల్ పేరుతో పాటు ఆయన పేరూ చేర్చాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం తీర్మానించేసరికి 2018 వచ్చింది.

అయితే ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టం వేరే ఉంది. 1951 నవంబరులో పన్నెండో పయస్ పోపు ఒక ప్రసంగంలో, విశ్వానికి ఆది ఉందని శాస్త్రం చెబుతోంది కాబట్టి సృష్టికర్త ఉన్నాడనడానికి శాస్త్రమే సాక్ష్యం పలుకుతోందన్న ధోరణిలో మాట్లాడారు. ఏ ఫాదరైనా పొంగిపోయే సందర్భం. తన సిద్ధాంతాన్ని స్వయంగా పోపే నెత్తిన పెట్టుకున్నారు. లెమైత్ర్ మాత్రం కలత పడ్డారు. తన సిద్ధాంతం భౌతికశాస్త్రంలో ఒక ప్రతిపాదన, రేపు తప్పని తేలవచ్చు. దానికి దేవుణ్ణి ముడిపెడితే అటు శాస్త్రానికీ అన్యాయం, ఇటు విశ్వాసానికీ అన్యాయం. ఆయన పత్రికలకు ఎక్కలేదు. రోముకు వెళ్లి, వాటికన్ వేధశాల అధిపతితోనూ ఇతరులతోనూ మాట్లాడారు. 1952 సెప్టెంబరులో ఖగోళ శాస్త్రవేత్తల సభలో పోపు మళ్లీ ప్రసంగించినప్పుడు ఆ వాదన అందులో లేదు. తన మత పెద్ద పొగడ్తను కాదనుకుని, తన విద్యకు హద్దు ఎక్కడో తానే గీసుకున్న మనిషి ఆయన. 1966లో చనిపోవడానికి కొంచెం ముందు, విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన వికిరణం దొరికిందన్న వార్త ఆస్పత్రిలో ఆయన చెవిన పడింది.

రెండోవారు ఫాదర్ హెర్మన్ లియో వాన్ బ్రెడా. ఫ్రాన్సిస్కన్ సభకు చెందినవారు. 1938 ఆగస్టులో ఆయనకింకా ఇరవై ఏడేళ్లు, లూవెన్‌లో పరిశోధక విద్యార్థి. తత్త్వవేత్త ఎడ్మండ్ హుసెర్ల్ మీద పరిశోధన కోసం జర్మనీలోని ఫ్రైబుర్గ్ వెళ్లారు. హుసెర్ల్ ఆ ఏప్రిల్‌లోనే చనిపోయారు. యూదు కుటుంబంలో పుట్టి, యువకుడిగా లూథరన్ మతం పుచ్చుకున్న మనిషి. నాజీల లెక్కలో యూదుడే. ఆయన భార్య మాల్వీన్ ఆ ఇంట్లో ఒంటరిగా, సుమారు 40,000 పేజీల చేతిరాత కాగితాల మధ్య ఉన్నారు. అన్నీ పాతకాలపు షార్ట్‌హ్యాండ్‌లో రాసినవి. చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ ఇంటికి ఒక్క అగ్గిపుల్ల చాలు.

వాన్ బ్రెడా తన పరిశోధన సంగతి పక్కన పెట్టారు. ముందు సరిహద్దు దగ్గరి కాన్వెంటు సిస్టర్ల ద్వారా స్విట్జర్లాండుకు దాటించాలని చూశారు. కుదరలేదు. అప్పుడు కాగితాలన్నీ పెట్టెల్లో సర్ది, రైలెక్కి, బెర్లిన్‌లోని బెల్జియం రాయబార కార్యాలయానికి తీసుకుపోయారు. దౌత్య సామగ్రిని పోలీసులు విప్పి చూడకూడదు. ఆ దారిన కాగితాలు 1938 నవంబరు చివరికి లూవెన్ చేరాయి. ఆ రైలు ప్రయాణంలో ఎవరైనా పెట్టె తెరిపించి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. తరువాత ఆయన మాల్వీన్‌ను కూడా బెల్జియం రప్పించారు. దేశం జర్మన్ల చేతికి పోయాక యుద్ధకాలమంతా ఆమెను లూవెన్ దగ్గరి ఒక కాన్వెంటులో ఉంచి కాపాడారు. 1940 మేలో విశ్వవిద్యాలయం గ్రంథాలయం తగలబడి సుమారు తొమ్మిది లక్షల పుస్తకాలు పోయాయి. హుసెర్ల్ కాగితాలు మిగిలాయి. హుసెర్ల్ గ్రంథావళి సంపుటాలు 1950 నుంచి వెలువడుతున్నాయి. వాటన్నిటికీ ఆధారం ఆ పెట్టెలే. ఆ గ్రంథాలయం 1914 ఆగస్టులో కూడా తగలబడింది. అప్పుడు పోయినవి మూడు లక్షలు. పాతికేళ్ల వ్యవధిలో రెండుసార్లు పుస్తకాలు పోగొట్టుకున్న విద్యాలయం మరొకరి రాతలను కాపాడిందన్న సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

మూడోవారు మనకు ఇంకా దగ్గరివారు. ఫాదర్ ఎతియెన్ లమోత్, 1932 నుంచి లూవెన్ ఆచార్యులు. సంస్కృతం, పాళీ, టిబెటన్, చైనీస్ నేర్చి బౌద్ధాన్ని చదివారు. ఆచార్య నాగార్జునుడి పేరు మనకు ఒక కొండ, ఒక డ్యాము, గుంటూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయం. ఆయన రాసినట్టు సంప్రదాయం చెప్పే మహాప్రజ్ఞాపారమితా శాస్త్రం సంస్కృత మూలం దొరకడం లేదు. ఐదో శతాబ్దం తొలి ఏళ్లలో కుమారజీవుడు చేసిన చైనీస్ అనువాదమే మిగిలింది. లమోత్ దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చే పనికి కూర్చున్నారు. మొదటి సంపుటం 1944లో వచ్చింది. ఐదోది 1980లో. ముప్పై ఆరేళ్లలో గ్రంథంలో సుమారు మూడోవంతు పూర్తయింది. ఒక్కో వాక్యం కింద సగం పేజీ వివరణ ఉంటుంది. పాళీలో ఎక్కడుంది, టిబెటన్‌లో ఏమన్నారు, ఏ సూత్రం నుంచి తీసుకున్నారు అన్నీ చెబుతారు. పని సాగేకొద్దీ ఈ గ్రంథకర్త మాధ్యమిక బౌద్ధ దర్శనాన్ని స్థాపించిన మన నాగార్జునుడేనా అన్న సందేహం ఆయనకే కలిగింది. మూడో సంపుటం నాటికి, ఇది వాయవ్య భారతానికి చెందిన వేరొకరి రచన కావచ్చని రాశారు. తను ఏళ్ల తరబడి నిలబెట్టిన పేరును తనే ప్రశ్నించారు. మన ఆచార్యుడి పేరు మీద ఇంత నిజాయితీగా పనిచేసిన మనిషి గురించి మన విద్యార్థులకు తెలియకపోవడం బాధాకరం.

నాలుగోవారు అక్కడి ఆచార్యులు కారు, విద్యార్థి. కామిల్ బుల్కే 1909లో పశ్చిమ ఫ్లాండర్స్‌లో ఒక పల్లెలో పుట్టారు. ఇంట్లో డచ్చి మాట. లూవెన్‌లో ఇంజినీరింగ్ చదువుకు చేరితే, అక్కడ ఫ్రెంచిదే పెత్తనం. తమ భాష పనివాళ్ల భాషగా, ఫ్రెంచి పెద్దమనుషుల భాషగా చలామణీ కావడం డచ్చి మాట్లాడే ఆ తరం ఫ్లెమిష్ విద్యార్థులను కాల్చింది. ఆయన 1930లో యేసు సభలో చేరి, ఆ దశకం మధ్యలో జార్ఖండ్ ప్రాంతానికి వచ్చారు. ఇక్కడా చదువుకున్నవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుతూ సొంత భాషను తక్కువ చేయడం చూశారు. హిందీ, సంస్కృతం కూర్చుని నేర్చుకున్నారు. రామకథ పుట్టుక, వికాసం మీద అలహాబాద్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనను హిందీలోనే ఇస్తానని పట్టుపట్టి, నిబంధన మార్పించి 1949లో డాక్టరేట్ పొందారు. వాల్మీకి నుంచి బౌద్ధ, జైన కథల దాకా, మన తెలుగు రామాయణాలు సహా దేశభాషల రామకథల దాకా ఆ పుస్తకం వెతుకుతుంది. ఆయన ఇంగ్లీషు–హిందీ నిఘంటువు 1968లో వచ్చింది. 1974లో పద్మభూషణ్ ఇచ్చారు. అప్పటికి ఆయన భారత పౌరుడై రెండు దశాబ్దాలు దాటింది.

బుల్కే నిఘంటువు వచ్చిన ఆ 1968లోనే లూవెన్‌లో భాషా పోరాటం తారస్థాయికి చేరింది. ఫ్రెంచి విభాగం ఊరు విడిచి పోవాలని ఫ్లెమిష్ విద్యార్థులు వీధికెక్కారు. దేశ ప్రభుత్వమే పడిపోయింది. విశ్వవిద్యాలయం రెండయింది. ఫ్రెంచివాళ్లు దక్షిణాన కొత్త పట్టణం కట్టుకున్నారు. గ్రంథాలయంలోని చాలా పుస్తకాలను నంబర్లు సరి, బేసి చూసి పంచుకున్నారు. ఒకే గ్రంథం సంపుటాలు రెండు ఊళ్ల పాలయ్యాయి. భాషకు న్యాయం జరగాల్సిందే. బుల్కే జీవితమే అందుకు సాక్ష్యం. కానీ న్యాయం ఆలస్యమైతే చివరికి పుస్తకాలు కూడా దెబ్బతింటాయని ఆ పంపకం చెబుతుంది. రాష్ట్రాన్నీ ఉమ్మడి సంస్థలనూ పంచుకున్న మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ నలుగురిలో ఎవరూ తమ విశ్వాసాన్ని దాచుకోలేదు, వదులుకోలేదు. తమది కాని విద్యను తమకు అనుకూలంగా వంచలేదు. విశ్వాసం నిలుపుకోనివాళ్లూ అక్కడ ఉన్నారు. లూవెన్‌లో చదివి, పాఠం చెప్పి, కణంలోని లైసోజోమ్‌లను కనిపెట్టి 1974లో నోబెల్ అందుకున్న క్రిస్టియన్ డి డువ్ మతవిశ్వాసానికి దూరంగా జరిగారు. ఆయన పేరు కూడా ఆ విశ్వవిద్యాలయం గర్వంగానే చెప్పుకుంటుంది. కాథలిక్ విశ్వవిద్యాలయం అన్న మాటలోని రెండో పదానికి అర్థం ఇలాంటివాళ్ల వల్లే వచ్చిందని నా అభిప్రాయం.

చివరగా, హుసెర్ల్ కాగితాలను తలుచుకుంటూ, ఈ సభలో ఉన్న కళాశాలల యాజమాన్యాలకు, విశ్వవిద్యాలయం పెద్దలకు ఒక విన్నపం. ఏ మతం వాళ్లు నడిపే సంస్థ అయినా సరే, మీ దగ్గర పనిచేసి వెళ్లిన అధ్యాపకుల నోటు పుస్తకాలు, ఉత్తరాలు, అచ్చుకాని రాతలు వాళ్ల ఇళ్లల్లో అటకల మీద ఉన్నాయి. పిల్లలు ఉద్యోగాలకు పోయారు, ఇళ్లు అమ్ముడవుతున్నాయి, కాగితాలు తూకానికి వెళ్తున్నాయి. గ్రంథాలయంలో ఒక గది కేటాయించండి. ఆ ఇళ్లకు మనుషులను పంపండి. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, ఎవరడిగినా చూపించండి. మాస్టారి కాగితాలతో ఈ పని మొదలుపెట్టమని కోరుతున్నాను. ఆయన కుటుంబం ఇవ్వడానికి సిద్ధంగా ఉంది.