పందెములో పందెము మానుట



తెల్లవారుజామున నాలుగు గంటలకు సీతమ్మధారలో మా వీధి పూర్తిగా నిద్రలో ఉంటుంది. పాలవాళ్ళు ఇంకా రారు. కుక్కలు మాత్రము మేలుకొని ఉంటాయి. నా బూట్ల చప్పుడు వాటికి నాలుగేళ్ళుగా పరిచయమే గనుక, మొరగడము దండుగ అని అవి ఎప్పుడో తీర్మానించుకొన్నాయి. హెచ్.బి. కాలనీ, మద్దిలపాలెం కూడలి దాటి, పెదవాల్తేరు మీదుగా లాసన్స్ బే వైపు దిగితే సముద్రము. ఈ దారిన నేను వారమునకు నాలుగు దినములు పరుగెత్తుతాను. నలభై దాటిన రేడియో ఉద్యోగికి ఇది వయస్సుకు మించిన సరదా అని అనుకొనేవారు ఉన్నారు. వారితో నాకు పేచీ లేదు.

నేటి ప్రసంగ విషయము ఆ సరదా కాదు. అందులోని ఒక చిక్కు. మన నగరములో తూర్పు నౌకాదళము వారు చలికాలపు మొదట్లో సముద్రతీరమున మారథాన్ నిర్వహిస్తారు. అందులో అర్ధ మారథాన్ ఒకటి. పూర్తి మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్ క్రీడలకు విండ్సర్ కోట నుండి క్రీడాస్థలము వరకు కొలిచిన ఆ దూరమునే 1921లో ప్రమాణముగా స్థిరపరచినారు. అందులో సగము 21 కిలోమీటర్లపైన దాదాపు వంద మీటర్లు. జనవరి మూడవ ఆదివారమున ముంబయిలో పూర్తి మారథాన్ పరుగెత్తదలచినవానికి విశాఖలోని ఈ సగము మంచి అభ్యాసము. అనగా పందెములో పేరు నమోదు చేసుకొని, రుసుము కట్టి, ఛాతీకి అంకె తగిలించుకొని, పందెము మాత్రము వెయ్యకుండా రావలెనన్నమాట.

మా ఇంటావిడ దీనిని విని, "మెల్లగా పరుగెత్తడానికి డబ్బు కట్టడమెందుకండీ? ఆ మెల్లగా పరుగెత్తేదేదో మన పార్కులోనే పరుగెత్తవచ్చును గదా" అన్నది. న్యాయమైన ప్రశ్న. నా సమాధానము ఇది: పార్కులో ఇరవై ఒక్క కిలోమీటర్లు తిరిగితే గానుగెద్దుకు నాకు భేదముండదు. ఇక్కడ వాహనములు రాని రోడ్డు, దారి పొడుగునా మంచినీళ్ళు, పక్కన తోడు ఉంటాయి. ఉదయము ఏమి తిని బయలుదేరవలె, ఏ మేజోళ్ళు కాలిని ఒరుసుకొంటాయి, గుంపులో మనస్సు ఎట్లా చెదరుతుంది - ఇవన్నీ పెద్ద పరుగునకు ముందే తెలిసిపోతాయి.

మెల్లగా పోవడమువల్ల లాభమేమిటో కూడా చెప్పవలె. మన కండరములలోను, కాలేయములోను నిలవ ఉండే పిండిపదార్థము సుమారు నాలుగైదు వందల గ్రాములు. వేగముగా పరుగెత్తేవానికి అది ముప్పై కిలోమీటర్ల ప్రాంతమున అడుగంటుతుంది; అక్కడ కాళ్ళు సీసమైపోతాయి. కొవ్వు మాత్రము ఎంత బక్కవాని వంటిలోనైనా కావలసినంత ఉన్నది. అయితే పొయ్యిలో ఎండుగడ్డి భగ్గున మండినట్లు కొవ్వు మండదు. మొద్దువలె నిదానముగా రాజుకొంటుంది. వేగము తగ్గించి ఎక్కువసేపు పరుగెత్తితే ఆ మొద్దును మండించడము శరీరమునకు అలవడుతుంది. కండరములలో సన్నని రక్తనాళములు పెరుగుతాయి. పక్కవానితో పూర్తి వాక్యములు మాట్లాడగలిగినంత వేగము చాలునని అనుభవజ్ఞులు చెబుతారు. మాటలు తుంపులు తుంపులుగా వస్తున్నాయంటే హద్దు మీరినట్లే. మాటలమ్ముకొని బ్రతికే నాబోటివానికి ఇంతకంటే అనుకూలమైన కొలబద్ద లేదు!

ఈ పద్ధతికి లోకములో పేరు తెచ్చినవాడు న్యూజిలాండ్ దేశస్థుడు ఆర్థర్ లిడియార్డ్. ఆక్లండ్‌లో చెప్పుల కర్మాగారములో పనిచేసిన మనిషి. తన శిష్యులను కొండదారులలో ఇరవై రెండు మైళ్ళు, అనగా ముప్పై అయిదు కిలోమీటర్లు, పరుగెత్తించేవాడు. మారథాన్ వాళ్ళనే కాదు, ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్‌ను కూడా. రెండు నిమిషములలోపు ముగిసే పందెమునకు మూడు కొండలు ఎక్కించడమేమిటని నవ్వినవారు నవ్వినారు. 1960 రోము ఒలింపిక్ క్రీడలలో స్నెల్ 800 మీటర్లలోను, ముర్రే హాల్బర్గ్ 5,000 మీటర్లలోను ఒకే దినమున స్వర్ణపతకములు గెలిచినారు. 1964లో టోక్యోలో స్నెల్ 800, 1,500 మీటర్లు రెండూ గెలిచినాడు.

ఇదంతా నాకు నిరుడే తెలుసును. తెలిసీ తప్పు చేశాను. కిలోమీటరుకు ఏడు నిమిషములని సంకల్పము చెప్పుకొని నిలుచున్నాను. బయలుదేరిన పది నిమిషములకే నా కంటే పదేళ్ళు పెద్దాయన ఒకరు నన్ను దాటిపోయినారు. అంతే, సంకల్పము సముద్రములో కలిసింది. రుషికొండ వైపు పోయి తిరిగి వస్తూ తెన్నేటి పార్కు ఎగువకు ఎక్కుతూ ఉండగా ఎడమ పిక్కలో తాడు తెగినట్లయినది. అయినా ఆగలేదు. గంటా యాభై ఎనిమిది నిమిషములు! పతకము మెడలో వేసుకొని కుంటుతూ ఇంటికి వచ్చాను. ముంబయి పందెమునాడు సీతమ్మధారలో కాలు దిండు మీద పెట్టుకొని కూర్చున్నాను. ఏడు నెలల సాధన ఒక్క ఉదయపు పౌరుషమునకు ఖర్చయినది. వైద్యుడు కండరము చిరిగినదని చెప్పి, "ఎవరితో పందెమండీ?" అని అడిగినప్పుడు నాకు జవాబు తోచలేదు.

ఈ సంవత్సరము గడియారమును జేబులో వేసుకొన్నాను. తీరమున కురుసుర జలాంతర్గామి వద్ద ఇంకా చీకటిగానే ఉన్నది. గాలిలో తేమ మాత్రము మనకు మామూలే. ఇక్కడ చెమట పడుతుంది గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుచేత అదే వేగమునకు గుండె ఎక్కువగా కొట్టుకొంటుంది. దాహమైనప్పుడు కొద్దికొద్దిగా, నడుమ ఉప్పు కలిపిన నీళ్ళు త్రాగాను. వట్టి నీళ్ళు అతిగా త్రాగినా రక్తములో ఉప్పు పలుచబడి ప్రమాదమే.

జోడుగుళ్ళపాలెం దాటగానే ఎత్తు మొదలైనది. కుడివైపున పడవలు, ఎడమవైపున కైలాసగిరి. ఒక కుర్రవాడు నా పక్కకు వచ్చి, "ఏం మాస్టారూ, నొప్పా? నడుస్తారా?" అని ఆప్యాయముగా అడిగినాడు. అది పిక్క నొప్పికంటే బాధాకరము. "లేదు బాబూ, ఇది అభ్యాసమే" అన్నాను. అతడు నమ్మలేదని ముఖమే చెప్పినది. వందలమంది దాటిపోయినారు. పెద్దలు, పిన్నలు, పక్షివేషము వేసుకొన్న ఒకాయన కూడా. ఆ పక్షి వెనుక నాలుగడుగులు తొందరపడినమాట వాస్తవము. వెంటనే పక్కనున్న ఆయనతో విశాఖలో చేపల ధరలను గురించి సంభాషణ మొదలుపెట్టి నన్ను నేను పట్టి నిలుపుకొన్నాను.

రెండు గంటల ఇరవై తొమ్మిది నిమిషములకు గమ్యము చేరాను. పిక్క నొప్పి లేదు. ఆ పెద్దాయన, నిరుడు నన్ను దాటిపోయినవారే, గట్టు మీద కూర్చొని అరటిపండు తింటున్నారు. "మీరు ముంబయి వెళుతున్నారా?" అని అడిగాను. "లేదండీ, నాకు ఇదే పెద్ద పందెము. ఏడాదంతా దీనికోసమే" అన్నారు.

సోమవారము ఉదయపు ప్రసారమునకు స్టూడియో మెట్లు మామూలుగానే ఎక్కాను. బుధవారము మళ్ళీ మద్దిలపాలెం వరకు పరుగెత్తి వచ్చాను. ముంబయికి రైలు టిక్కెట్టు తీసుకొన్నాను.