వాగు చెప్పే సాక్ష్యం

 

పారే నీటిలో అశుద్ధం కలిసినా, దాని రంగు, రుచి, వాసన మారనంతవరకు ఆ నీరు పరిశుద్ధమేనని మన ఫిఖ్హ్ గ్రంథాలు బోధిస్తాయి. వుజూకు ఈ కొలత చాలు. కాని ఆ నీటిలో చేప బ్రతుకుతుందా, ఈదిన పిల్లవాడు జబ్బుపడకుండా ఉంటాడా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ మనం తరచుగా కలిపివేస్తున్నాము.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1984లో హ్యూరన్ నదిపై జలక్రీడలాడిన కొందరు హైస్కూలు విద్యార్థులకు హెపటైటిస్-ఏ సోకింది. అప్పుడు విలియం స్టాప్ అనే ఆచార్యుని సహాయంతో విద్యార్థులే నదీజలాన్ని పరీక్షించారు. 1987లో ఆ పద్ధతి సమీపంలోని రూజ్ నదికీ విస్తరించింది. 1969లో నూనె వ్యర్థాలు అంటుకొని మండిన నది అది! ముస్లిములు అధికంగా నివసించే డియర్‌బార్న్ నగరం గుండానే ప్రవహిస్తుంది.

ఆ పిల్లలు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలుస్తారు. అది లీటరుకు 5 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే అనేక జాతుల చేపలకు ఊపిరి కష్టమవుతుంది. మురుగు కలిసిందని తెలిపే బాక్టీరియాను వెదుకుతారు. వీటన్నింటికన్నా నాకు నచ్చినది, రాళ్ళను తిరగవేసి చూడటం. రాత్రివేళ దొంగచాటుగా వదిలిన మురుగు తెల్లవారేసరికి కొట్టుకుపోవచ్చు. నీటి పరీక్ష ఆ ఘడియ సంగతి మాత్రమే చెబుతుంది. రాళ్ళ అడుగున నెలల తరబడి జీవించే పురుగులు గడచిన కాలమంతటికీ సాక్షులు. మేఫ్లై పిల్లల వంటి సున్నితమైన జీవులు మాయమై, ఎర్రని పురుగులు మాత్రమే మిగిలితే, నీరు అద్దంలా మెరుస్తున్నా ఆ వాగు రోగగ్రస్తమైనదే.

సాక్ష్యాన్ని దాచటం పాపమని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిస్తున్నది. కనుక పిల్లలు చూసినది చూసినట్లే వ్రాయాలి. ఆశించిన అంకె రాలేదని దిద్దకూడదు. పెద్దలు కూడా “పిల్లల మాటేలే” అని కొట్టివేయరాదు.

మన మూసీనే చూడండి. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మురుగును మోసుకొని, నల్లగొండ పొలాలకు చేరుతుంది. నీటి రేవులను అపవిత్రం చేయరాదని ప్రవక్త (స) వారించారు. ఎగువనున్న వానికి దిగువవాడు పొరుగువాడు కాడా? పొరుగువాని హక్కు గోడ దగ్గరే ఆగిపోతుందా?

మీ పిల్లలు సీసాలు పట్టుకొని వాగుకు వెళతామంటే, చదువు పాడవుతుందని ఆపకండి. ఉపాధ్యాయుడు వెంట ఉండాలి, వరద రోజున వెళ్ళరాదు, వచ్చిన వెంటనే సబ్బుతో చేతులు కడగాలి. వారు వ్రాసిన లెక్కలను ముందుగా మసీదు కమిటీకి చూపమనండి. మన మరుగుదొడ్ల నీరు ఏ కాలువలో కలుస్తున్నదో కూడా వారినే చూసి చెప్పమందాము.