గుండె కండరం – వంశపారంపర్యం

గుండె కండరం బలహీనపడి, గదులు సాగి, రక్తాన్ని నెట్టే శక్తి సన్నగిల్లడమే డైలేటెడ్ కార్డియోమయోపతి. ఆయాసం, కాళ్లవాపు దాని గుర్తులు. దక్షిణాసియా వారిలో నూటికి సుమారు నలుగురికి ఒక గుండె కండర జన్యువులో 25 అక్షరాలు లోపించాయని, అది ఈ వ్యాధికి దారితీయగలదని మదురై, హైదరాబాదు సి.సి.ఎం.బి. తదితర సంస్థల శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించారు. లోపమున్న వారందరూ రోగులు కారు. తోడుగా వేరొక మార్పు ఉన్నవారికే ముప్పు హెచ్చని తరువాతి పరిశోధనలు సూచించాయి. అయితే ఉభయ తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తే తీవ్రత అధికం. మేనరికాలు వాడుకలో ఉన్న హోసూరు, కృష్ణగిరి ఇళ్లకు ఇది దూరపు మాట కాదు. జాతకాలు కలిపే పెద్దలు, పిన్న వయసులో గుండెజబ్బుతో గతించిన బంధువుల గురించి అడిగేది అరుదు. అటువంటి కుటుంబాలలో మిగిలినవారికి ఎకో పరీక్ష చేయిస్తే, ఆయాసం రాకముందే గుండె సాగుదల తెలియవచ్చు. మందులతో చాలాకాలం అదుపులో ఉంచవచ్చు.